నాలుగొందల ఇరవై

స్టీరింగ్ కింద, మోకాలు తగిలే చోట
పదహారు చిల్లుల గూడు ఒకటుంటుంది.
చాలామంది ఓనర్లకు అది ఉన్నట్టే తెలీదు.
నేను రోజుకు నలభైసార్లు అక్కడ తల వంచుతాను.

రేణిగుంట రోడ్డు, టెస్టింగ్ షెడ్డు, మూడో లైను.
ఖాదర్ బాషా మేస్త్రి తన కాలంలో
సైలెన్సర్ దగ్గర తెల్లగుడ్డ పట్టి
నలుపు చూసి, వాసన చూసి
"రింగులు పొయినాయిరా" అనేవాడంట.
నాకు ముక్కుతో పనిలేదు.
కేబుల్ గుచ్చితే బండే చెబుతుంది.

చెంగల్రాయుడి తెల్ల టాక్సీ వచ్చింది.
డ్యాష్‌బోర్డు మీద కాణిపాకం విబూది పొట్లం,
ఎండిన సంపెంగ,
అద్దం మీద పీకేసిన స్టిక్కర్ల జిగురు.
తాళం తిప్పితే లైట్లన్నీ వెలిగాయి,
ఇంజను స్టార్టయ్యాక ఆరిపోయాయి.
ఆ పసుపుపచ్చ ఇంజను బొమ్మ కూడా.
"చూడు పాపా, ఒక్క తప్పూ లేదు."

నిజమే. స్క్రీన్ మీద తప్పులు సున్నా.
దాని కింద ఇంకో వరస:
కెటలిస్టు, సిద్ధంగా లేదు.
ఆక్సిజన్ సెన్సర్, సిద్ధంగా లేదు.
పెట్రోలు ఆవిరి, సిద్ధంగా లేదు.
లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి
నిన్న రాత్రి పుట్టినంత జ్ఞాపకం.

"బ్యాటరీ వైరు ఎవరు పీకిందన్నా?"
రోడ్డు వైపు చూశాడు.
"కొర్లగుంటలో ఒక పిల్లోడు.
రెండొందలు తీసుకున్యాడు.
లైటు ఆరిపోతాదన్యాడు. ఆరిపోయింది గదా?"

ఆరిపోయింది.
ఏమీ గుర్తులేనోడు మంచోడని
సర్టిఫికెట్ ఎట్లా ఇచ్చేది?

చెప్పాను: రాత్రంతా చల్లారనీ.
తెల్లారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు అట్లే నిలబెట్టు.
తర్వాత పూతలపట్టు దాకా ఒకే వేగం.
బ్రేకు తొక్కకుండా దానంతటదే నెమ్మదించనీ ఒకట్రెండుసార్లు.
ఆగి ఆగి పోయే బాడుగలు వద్దు.

"బాడుగ లేకుండానా?"
పాపపు మాట విన్నట్టు చూశాడు.
"రేప్పొద్దున కాళహస్తి పార్టీ ఉండాది.
పెట్రోలు ఎవడిస్తాడు?"
వెనక లైనులో హారన్ కొట్టారు.

నాలుగో రోజు వచ్చాడు.
కేబుల్ గుచ్చకముందే చెప్పాడు.
"వచ్చేసింది పాపా లైటు. ఐతేపల్లి దాటినాక."
స్క్రీన్ మీద అన్నీ సిద్ధం.
ఒకే ఒక్క తప్పు. పైకి చదివాను.
పి, సున్నా, నాలుగు, రెండు, సున్నా.

"ఫోర్ ట్వంటీనా!"
పక్క లైను వాళ్ళు తిరిగి చూశారు.
"పదహైదేండ్లుగా బాడుగ తోలతా ఉండా.
స్టాండులో ఎవుర్నన్నా అడుగు,
ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలా.
ఇది నన్ను ఫోర్ ట్వంటీ అంటాదా?"

నిన్ను కాదన్నా, అన్నాను నవ్వు ఆపుకుంటూ.
పొగగొట్టంలో రెండు ముక్కులుంటాయి,
జల్లెడకు ముందొకటి, వెనకొకటి.
ముందుదానికి కంపు కొట్టాల.
వెనకదానికి కొట్టకూడదు.
రెండూ ఒకే మాట చెబుతున్నాయంటే
మధ్యలో ఉన్నోడు జీతం తీసుకుంటా
పని మానేసినాడని.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత బానెట్ మీద చెయ్యేసి, దానితోనే అన్నట్టు:
"ఎవురూ లేకుండా తోలింది ఇదే మొదలు.
పాటల్లేవు. ఏసీ వెయ్యలా.
పనపాకం కాడ వినబడింది అడుగున,
గిన్నెలో గులకరాళ్ళు కదిలినట్టు.
ఎన్నాళ్ళ నించి కొట్టుకుంటా ఉండాదో."

కొత్త జల్లెడ ధర అడిగాడు. చెప్పాను.
వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి
సగంలో వదిలేశాడు.

నా స్క్రీన్ అడుగున ఒక బొత్తాం ఉంటుంది.
తప్పు చూపించిన ప్రతిసారీ అడుగుతుంది:
తుడిచేయమంటావా?
నా వేలు దానికి జానెడు దూరంలో ఉంది.
ఆయనా చూశాడు దాన్ని.

"వద్దులే పాపా.
మళ్ళా పూతలపట్టు దాకా ఎవుడు పోతాడు."